ఇరవైనాలుగో పేరు

కాయ తొడిమ బయటికి, ముక్కు లోపలికి ఉండాలి. అలా పేరిస్తేనే అక్షరం అంచు తిన్నగా వస్తుంది. ఆ సంగతి కనిపెట్టింది హైదరాబాదు నుంచి వచ్చిన శ్రీరమ్య కాదు, పున్నమ్మ. శ్రీరమ్య బొమ్మలు వేసే మనిషి. అందరిలా గుడ్డ మీదా గోడ మీదా కాకుండా చేలల్లో, కాలవ గట్ల మీద, ఆ ఊళ్ళవాళ్ళ చేతే వేయిస్తుందట. మొదటి రోజు కళ్ళంలో సున్నంతో నిలువెత్తు అక్షరాలు గీసి వాటిలో ఎండుమిరపకాయలు పొయ్యమంది. బుట్టలతో కుమ్మరిస్తే కాయ ఎటుబడితే అటు దొర్లి ఏ అక్షరం ఏదో తెలియకుండా పోయింది. పున్నమ్మ కాసేపు చూసింది. కుచ్చిళ్ళు పైకి దోపుకుని, గొంతుక్కూర్చుని, సున్నపు గీత వెంట ఒక్కొక్క కాయా పేర్చుకుంటూ పోయి, మధ్యభాగం ఆ తర్వాత నింపింది.

"ఎలా తెలిసిందండీ మీకు, పున్నమ్మగారూ?" అంది శ్రీరమ్య.

"తెలిసేదేముందమ్మా. ఇరవై ఏళ్ళ బట్టీ కాయల్లోనేగా ఉండేది," అంది పున్నమ్మ.

పక్కనే రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్న జోహరాబీ ముక్కుకు కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, "గారంట! వింటన్నారే? నిన్నటిదాకా పున్నీ. ఇయ్యాల గారు తగిలింది. రేపట్నుంచి మనం లేచి నిలబడాలేమో," అంది. పదిమంది ఆడవాళ్ళూ నవ్వారు. నవ్వితే ఘాటు లోపలికి పోయి అందరికీ దగ్గొచ్చింది.

అది మొన్నటి మాట. ఈరోజు మూడో రోజు. ఎకరం కళ్ళంలో పదిహేను పేర్లు పూర్తయ్యాయి. మంచినీళ్ళ ట్యాంకు ఎక్కి చూస్తే ఎర్రగా, తీర్చినట్టు కనపడుతున్నాయట. కింద పనిచేసేవాళ్ళకి మాత్రం కాయలు తప్ప ఏమీ కనపడదు. ఒక దీర్ఘం నింపడానికే ఇద్దరు మనుషులకి అరగంట పడుతుంది. ఏప్రిల్ ఎండ నెత్తి మీద ఉంది. చేతులకు ఎంత ఆముదం రాసుకున్నా గోళ్ళ సందుల్లో మంట తగ్గదు. సాయంత్రం ఆ చేతులతో మొహం కడుక్కోవాలంటే భయం.

పున్నమ్మకి కూర్చుని పేర్చే పనితో పాటు ఇంకో పని కూడా ఉంది. పేర్ల కాగితం ఆమె చేతిలో ఉంటుంది. చర్చిలో బైబిలు చదవడం కోసం నేర్చుకున్న చదువు. శ్రీరమ్య సున్నపు డబ్బా పట్టుకుని వంగితే పున్నమ్మ కాగితం చూసి పేరు చెప్పాలి. మొదటి పేజీలో పన్నెండు పేర్లు. రెండో పేజీ దాని కింద ఉంది. ఒక పేరు పూర్తయ్యాకే తర్వాతి పేరు చూడాలని ఆమె తనకు తాను పెట్టుకుంది. అందుకని కాగితం సగానికి మడిచి రొంటిన దోపుకుంటుంది. ఒక్కొక్క పేరుకీ మడత కొంచెం కిందికి జరుపుతుంది.

ఈ పనికి రావడానికి ఆమెకు వేరే కారణం లేదు. ఊరి మధ్య మీటింగు పెట్టినరోజు శ్రీరమ్య మైకులో, "ఈ ఊళ్ళోనూ చుట్టుపక్కల రెండు ఊళ్ళలోనూ పురుగుమందు పొట్టన పెట్టుకున్న ప్రతి మనిషి పేరూ ఇక్కడ ఉంటుంది," అంది. పున్నమ్మ ఆ మాట పట్టుకుని వచ్చింది. ఇంటర్ పరీక్షలైపోయిన కూతురు జెస్సీని కూడా వెంటబెట్టుకొచ్చింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పున్నమ్మ కాగితం తీసి, ఈసారి మడత జరపలేదు. మొత్తం విప్పింది. పదహారు, పదిహేడు, ఇరవై. ఇరవైమూడో పేరు కింద కాగితం తెల్లగా ఉంది. వెనక్కి తిప్పింది. వెనక ఎవరిదో ఫోను నంబరుంది.

"లేదా అమ్మా?" అంది జెస్సీ భుజం మీంచి తొంగిచూసి.

"లేదు."

"రైతుల లిస్టు ఇది. పాసుబుక్కులున్నోళ్ళ లిస్టు. మనకేడ ఉంటది?"

"మైకులో ప్రతి మనిషి అన్నది గదే."

"అడగరాదూ పోయి?"

పున్నమ్మ కాగితం మడిచి రొంటిన పెట్టుకుంది. పదహారో పేరు చెప్పడానికి లేచింది. అడగడం ఆమెకు చేతకాదు. మూడేళ్ళ క్రితం అడగాల్సిన చోట్లన్నీ అడిగి, ఇక అడగడం మానేసింది.

వెంకటనారాయణ భార్య రాఘవమ్మ టీ తెచ్చింది. కళ్ళం వాళ్ళది, కాయ వాళ్ళది. పనయ్యేదాకా మనుషులకు టీ పొయ్యడం కూడా వాళ్ళే ఒప్పుకున్నారు. స్టీలు క్యాను మోసుకుని ఆమే వస్తుంది. శ్రీరమ్యకు గాజు గ్లాసు, మిగతావాళ్ళకు ప్లాస్టిక్ గ్లాసులు. అందరికీ అందించి, పున్నమ్మ దగ్గరికొచ్చేసరికి గ్లాసు చేతికివ్వకుండా పక్కనున్న గోతం మీద పెట్టి వెళ్ళిపోయింది. మూడు రోజులుగా అంతే. మూడేళ్ళుగా అంతే.

*

జెస్సీ అడిగింది. అమ్మకి చెప్పకుండా, సాయంత్రం శ్రీరమ్య ట్యాంకు మెట్లు దిగి వస్తుంటే ఎదురెళ్ళి అడిగింది. "మా నాన్న కూడా మందు వల్లే చచ్చిపోయాడు మేడం. దాసరి యేసుపాదం. మీ కాగితంలో లేదు."

మర్నాడు పొద్దున్నే శ్రీరమ్య సున్నపు డబ్బాతో పున్నమ్మ దగ్గరికొచ్చింది. రాత్రి నిద్రలేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఘాటుకు ఆమె గొంతు నాలుగు రోజులుగా పట్టేసి ఉంది. "ముందే ఎందుకు చెప్పలేదండీ?" అంది. "చీరాల స్వచ్ఛంద సంస్థవాళ్ళు ఇచ్చిన లిస్టు అది. వాళ్ళకి తెలిసినంతే. ఇరవైనాలుగో పేరు రాద్దాం. చివర చోటుంది."

ఆమె వంగి గీస్తుంటే పున్నమ్మ పక్కన నిలబడింది. కాగితం చూసి చెప్పాల్సిన పనిలేదు. 'దాసరి' అయ్యింది. 'యే' మొదలైంది. శ్రీరమ్య చేతిలో సున్నం సన్నగా, ఆగకుండా రాలుతోంది.

ఆ పేరు పున్నమ్మ ఎవరినీ ముట్టనివ్వలేదు. జెస్సీ, తనూ. నాలుగు గోతాలు విప్పించి ఒక్కొక్క కాయా చేత్తో చూసి ఏరింది. మచ్చ ఉన్నది, వంకర తిరిగింది, రంగు దిగింది పక్కన పడేసింది. మిగతా పేర్లకు తేజ రకం సన్న కాయ, లావు కాయ కలిసిపోయాయి. ఈ పేరుకి అన్నీ ఒక్క పొడవే.

"పెళ్ళికూతురికి నగలు చూసినట్టు చూస్తందమ్మా కాయల్ని," అంది జోహరాబీ అవతలి పేరులోంచి. "నీ మొగుడు బతికుండగా ఇంత ముద్దు చేశావే?"

"ఆయనకి కారం పడేది కాదు," అంది పున్నమ్మ.

జోహరాబీ నవ్వబోయి, పున్నమ్మ మొహం చూసి, తాలుకాయల మీదికి వంగింది. కాసేపయ్యాక తనే లేచి, తన బుట్టలో మంచి కాయలు రెండు దోసిళ్ళు తెచ్చి జెస్సీ ముందు పోసి వెళ్ళింది.

వెంకటనారాయణ మోటారుసైకిలు మీద వచ్చింది పదకొండింటికి. పున్నమ్మకు చేతులు ఆగిపోయాయి. అతను బండి స్టాండు వేసి, గట్టు మీద నిలబడి, వరసగా పేర్లన్నీ చదువుకుంటూ వచ్చాడు. చివరి పేరు దగ్గర ఆగాడు. పెదవులు కదిలాయి.

"ఇదెవరు రాయించారు?"

"నేనే రాశానండీ," అంది శ్రీరమ్య. "లిస్టులో లేదు. కానీ ఈ ఊరి మనిషే కదా."

అతను తల గోక్కున్నాడు. కాసేపు ఎండలోకి చూశాడు. "మన ఊరోడే. ఎందుకు కాడు? పెట్టండి, పెట్టండి. పాపం, పేరుంటే తప్పేముంది?" అని బండెక్కాడు.

అతను వెళ్ళిన వైపే చూస్తూ ఉండిపోయింది పున్నమ్మ. అతను కాదంటే ఏం చెయ్యాలో పొద్దున్నుంచీ అనుకుంది. ఔనంటే ఏమనుకోవాలో అనుకోలేదు.

సాయంత్రానికి 'దం'లో సున్నా కూడా నిండింది. జెస్సీ ట్యాంకు ఎక్కి పైనుంచి కేకేసింది. "అమ్మా, కనపడతంది! అన్నిటికన్నా నాన్నదే బాగా కనపడతంది!"

పున్నమ్మ ఎక్కలేదు. మోకాళ్ళ నొప్పులు. కింద నుంచే తలూపింది.

*

పై మాట రాయడం చివరిరోజు దాకా ఆగింది. పేర్లన్నిటికీ పైన, కళ్ళం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, ఒక్కటే వరస. అక్షరాలు మరీ పెద్దవి. ఆ మాట కాగితంలో లేదు, శ్రీరమ్య దగ్గరున్న ఆహ్వానం కార్డు మీద ఉంది. కార్డు చూసుకుంటూ ఆమే గీస్తోంది. వెనకే పున్నమ్మ, జోహరాబీ బుట్టలతో నడుస్తున్నారు.

'పురుగుమందు' అయ్యింది. పున్నమ్మ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. తర్వాత మాట చిన్నది. శ్రీరమ్య లేచి, నడుం పట్టుకుని, రెండడుగులు పక్కకి జరిగింది. పున్నమ్మ ఆ మాట చదివింది. ఇంకోసారి చదివింది. బుట్ట కిందపెట్టింది.

"అమ్మా, ఈడ తప్పుపడింది."

"ఏదండీ?"

"తాగి అని పడింది."

శ్రీరమ్య కార్డు చూసింది. "తప్పేం లేదే. 'పురుగుమందు తాగి ప్రాణాలు విడిచిన మన రైతులు.' అదే కదా."

"మా ఆయన తాగలేదమ్మా."

శ్రీరమ్య సున్నపు డబ్బా కింద పెట్టింది.

"మీ అమ్మాయి మందు వల్ల పోయారని చెప్పింది..."

"మందు వల్లే పోయాడు. చేలో కొడతా పడిపోయాడు. మూడు రోజులు వరసన కొట్టాడు, పత్తికి. తాగలా."

శ్రీరమ్య వెళ్ళి గోతం మీద కూర్చుంది. తడిచెయ్యి నుదుటికి రాసుకోబోయి, కారం గుర్తొచ్చి ఆగింది. "నేను అడగాల్సింది," అంది. "అడగలేదు. మీరు చెప్పిందే నిజం. మారుద్దాం. 'తాగి' తీసేసి 'వల్ల' అని రాస్తే సరిపోతుంది. అందరికీ సరిపోతుంది కదా?"

"సరిపోద్దమ్మా," అంది పున్నమ్మ. 

టీ క్యానుతో రాఘవమ్మ, ఆమె వెనక బండి మీద వెంకటనారాయణ ఒకేసారి వచ్చారు. పని ఆగి ఉండటం చూసి అతను, "ఏంటి మేడం, రేపు పదింటికి ఒంగోలు నుంచి పేపరోళ్ళొస్తన్నారు. ఇంకా సగంలోనే ఉన్నారే?" అన్నాడు. శ్రీరమ్య చెప్పింది. అతను విన్నాడు. కోపం తెచ్చుకోలేదు.

"వద్దు మేడం. కార్డులు పంచాం. ఇంకా చెప్పాలంటే 'వల్ల' అన్నది నేను ఒప్పుకున్న మాట కాదు. రైతుల కోసమంటే కళ్ళం ఇచ్చా. మందు కొడతా పోయాడంటే ముందు అడిగేది ఎవరి చేలో అని. ఎవరి చేలో పున్నమ్మా?"

"మీ చేలోనయ్యా."

"చూశారా?" అతను శ్రీరమ్య వైపు తిరిగాడు. "ఆ రోజు వాడు పొద్దున్నే సారా తాగొచ్చాడు. సారా మీద మందు కొడితే ఒళ్ళు నిలబడుద్దా? అప్పుడూ ఇదే చెప్పాను. పోనీలే, పోయిన మనిషి, పదిమందిలో పేరుంటే పిల్లకు తృప్తిగా ఉంటదని ఊరుకున్నా. ఉండేదైతే ఇట్టా ఉండనియ్యండి. లేదంటే తీసెయ్యండి. కొత్త మాట మటుకు నా కళ్ళంలో వద్దు."

"ఆయన సారా ముట్టడయ్యా. మీకు తెలుసు," అంది పున్నమ్మ.

"నాకేం తెలుసు? నేనేవన్నా వాసన చూశానా?"

పున్నమ్మ రాఘవమ్మ వైపు చూసింది. ఆ మధ్యాహ్నం ఆమె కూడా చేలో ఉంది. మనుషుల్ని పిలిచి మంచం మీద వేయించింది ఆమే అని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. రాఘవమ్మ పైటచెంగుతో క్యాను మూత తుడుస్తోంది. మూత శుభ్రంగానే ఉంది. తుడుస్తూనే ఉంది.

వాళ్ళు వెళ్ళాక శ్రీరమ్య పున్నమ్మ పక్కకొచ్చి గొంతు తగ్గించి మాట్లాడింది. "ఈ కళ్ళం లేకపోతే ఇది లేదండీ. ఇరవైమూడు కుటుంబాలు రేపు వస్తున్నాయి. ఇప్పుడు నేను ఆయనతో గొడవపడితే..." ఆగింది. "పేరుండటం ముఖ్యం కదా. మందు ఇంతమందిని మింగిందని లోకానికి తెలుస్తుంది. నేనైతే ఉంచమనే అంటాను. మీ ఇష్టం. మీరు ఎలా అంటే అలా."

పున్నమ్మ బుట్ట తీసుకుంది. 'తాగి' అన్న మాటను జోహరాబీ నింపింది. పున్నమ్మ దాన్ని దాటుకుని, 'ప్రాణాలు' అన్నచోట కూర్చుంది.

*

పొద్దువాలే వేళకి పాస్టర్ మార్క్‌గారు సైకిలు మీద పేటలోకి వచ్చారు. పున్నమ్మ ఇంటి ముందు కుండలో నీళ్ళు పోసుకుని చేతులు ముంచి కూర్చుని ఉంది. లేవబోతే వద్దన్నారు. సైకిలు పట్టుకునే నిలబడ్డారు.

"కళ్ళం దగ్గరికెళ్ళి చూసొచ్చానమ్మా. పైన రాసింది కూడా చదివాను."

"చదివారా అయ్యగారూ."

"ఆ రోజు మందు తాగాడన్న మాట విని సంఘ పెద్దలు నలుగురూ సమాధుల దొడ్డి గేటు తియ్యం అన్నారు. తనంతట తాను పోయిన మనిషిని అందులో పెట్టనియ్యం అన్నారు. నువ్వు బైబిలు మీద చెయ్యేసి చెప్పావు. నీ మాట మీద తీయించాను."

"ఇప్పుడూ వేస్తాను."

"నాకు తెలుసమ్మా. కానీ ఎల్లుండి పేపర్లో ఫోటో వస్తే వాళ్ళు నన్నడుగుతారు. పున్నమ్మే కూర్చుని పేర్చింది గదా అంటారు. నేనేం చెప్పను?"

పున్నమ్మ చేతులు నీళ్ళలోంచి తీయలేదు. ఆయన ప్రార్థన కూడా చెయ్యకుండా, సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయారు.

లోపల్నుంచి జెస్సీ బయటికొచ్చింది. "తీసేస్తావా?"

పున్నమ్మ చేతులు బయటికి తీసి విదిలించుకుంది.

"నేను అడిగి పెట్టించాను. నువ్వు అడగలేకపోతే నేనడిగాను. యాడా లేదు ఆయన పేరు. రేషన్ కార్డులో కొట్టేశారు. ఓట్ల లిస్టులో తీసేశారు. ఈడన్నా ఉండనియ్యవా? ఎట్టా ఉంటే ఏంటమ్మా? పేరు చదువుతారు గానీ పైనున్న మాట ఎవడు చదువుతాడు?"

"నేను చదివాను గదే."

"నీకు నీ మాటే గొప్ప," అని జెస్సీ లోపలికెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. అన్నానికి లేపితే లేవలేదు.

*

తెల్లవారుతుండగా పున్నమ్మ ఒక ఖాళీ గోతం, పొట్టి చీపురు తీసుకుని కళ్ళానికి వెళ్ళింది. మంచుకు కాయలు కొంచెం మెత్తబడి ఉన్నాయి. మెత్తబడ్డ కాయ గలగలమనదు. 'దం' దగ్గర కూర్చుని వెనక నుంచి ముందుకి ఎత్తుకుంటూ వచ్చింది. పేర్చడానికి ఒక పగలంతా పట్టింది. ఎత్తడానికి అంత పట్టదు. దోసిళ్ళతో ఎత్తి గోతంలో వేస్తుంటే లోపల సున్నపు గీతలు మాత్రం తెల్లగా బయటపడుతున్నాయి.

ఇంటిపేరు కూడా అయిపోయేసరికి శ్రీరమ్య మెడలో కెమెరాతో వచ్చింది. పొద్దుటి వెలుగులో ఫోటోలు తీద్దామని వచ్చినట్టుంది. దూరం నుంచే ఆగిపోయింది. తర్వాత దగ్గరికొచ్చింది. చుట్టూ ఎర్రగా ఇరవైమూడు పేర్లు, చివరన ఖాళీ గీతలతో ఒకటి.

"పున్నమ్మగారూ, దీన్ని ఇలాగే వదిలెయ్యండి," అంది.  "ఈ ఖాళీ... అన్నిటికంటే ఇదే ఎక్కువ చెబుతోంది. నేను వేసినదాంట్లో ఇంత బలమైనది ఏదీ లేదు. ప్లీజ్."

కెమెరా కంటికి పెట్టుకుంది. ఒకటి తీసింది. రెండు తీసింది.

"తీసి ఏం చేస్తారమ్మా?"

"ఢిల్లీలో పెద్ద ఎగ్జిబిషనుంది. అక్కడ పెడతాను. కింద ఆయన పేరు, ఆయనకి జరిగింది రాస్తాను. మీరు చెప్పింది చెప్పినట్టే."

"మందు కొడతా చచ్చిపోయాడని?"

"అవును."

పున్నమ్మ గోతం మూతి ముడేసింది. "ఢిల్లీలో రాయగలరు. ఈడ రాయలేరు," అంది. ఎత్తిపొడుపుగా అనలేదు. దూరాలు లెక్కేసుకుంటున్నట్టు అంది.

శ్రీరమ్య కెమెరా దించింది. పున్నమ్మ చీపురు తీసుకుని 'దా' దగ్గర మొదలుపెట్టింది. సున్నం ఒకసారి ఊడిస్తే పోదు. అడ్డంగా, నిలువుగా ఊడ్చి, కాలితో రాసి, మళ్ళీ ఊడ్చింది. శ్రీరమ్య ఆపలేదు, ఫోటో కూడా తీయలేదు. కాసేపటికి తను కూడా చెప్పు విప్పి చివరి అక్షరాన్ని కాలితో చెరపసాగింది.  నేల మామూలు నేల అయ్యాక పున్నమ్మ గోతాన్ని రాశి దగ్గర కుమ్మరించింది. ఏరి తీసిన కాయ మిగతా కాయలో కలిసిపోయింది.

*

ఆ రోజు కళ్ళంలో పని లేదు. మీరా హుస్సేన్ చేలో ఆఖరి కోత ఉందంటే పున్నమ్మ అక్కడికి వెళ్ళింది. ఆఖరి కోతలో కాయ పల్చగా ఉంటుంది. మొక్క మొక్కకీ వంగి వెతుక్కోవాలి. నడుం వంచితే మళ్ళీ ఎత్తడం కష్టం. మిగతా ఆడవాళ్ళు ఫోటోలకని కళ్ళానికి వెళ్ళారు. జెస్సీ పొద్దున లేచి తల్లితో మాట్లాడకుండా తల దువ్వుకుని వాళ్ళతోనే పోయింది.

పది దాటాక కార్ల శబ్దం వినపడింది. మైకులో ఎవరిదో గొంతు వినపడింది గానీ మాటలు తెలియలేదు. పున్నమ్మ సాలు మార్చింది. గాలి అటు నుంచి ఇటు తిరిగినప్పుడు చప్పట్లు వినిపించాయి. తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు.

అన్నం వేళ దాటాక గట్టు మీద జోహరాబీ కనపడింది. పరిగెత్తినట్టు వస్తోంది. వెనక జెస్సీ.

"ఏయ్ పున్నీ! ఎంత పని జరిగిందనుకున్నావే! రాఘవమ్మ నోరు తెరిచింది. అబ్బ, కార్లు ఆగిపోయినయ్యి, కెమెరాలు ఆగిపోయినయ్యి..."

"కార్లెందుకు ఆగుతయ్యి, ఆగే ఉన్నయ్యిగా," అంది జెస్సీ.

"నన్ను చెప్పనియ్యి పిల్లా! పేపరాయన రైతుల ఆడవాళ్ళు ఎవరన్నా రెండు మాటలు చెప్పండమ్మా అన్నాడు. ఎవరూ కదల్లా. ఈయనేమో, వెంకటనారాయణ, మా ఆవిడ చెప్పుద్ది, చెప్పవే అని తనే ముందుకి తోశాడు. తోసి చెడ్డాడు! ఆమె పులిలాగా లేచి, ఈ వేలు ఇట్టా చూపించి..."

"వేలు చూపించలా," అంది జెస్సీ. "తల కూడా ఎత్తలా."

పున్నమ్మ చేతిలో రెండు కాయలున్నాయి. వాటిని బుట్టలో వెయ్యడం మర్చిపోయింది. "నువ్వు చెప్పు," అంది కూతురితో.

జెస్సీ ఊపిరి తీసుకుంది. క్లాసులో పాఠం అప్పజెప్పేటప్పుడు నిలబడ్డట్టు చేతులు కిందికి పెట్టుకుని నిలబడింది.

"మీ ఊళ్ళో మందు తాగి ఎంతమంది పోయారమ్మా అని అడిగాడు ఆయన. ఆవిడ మైకు పట్టుకుంది. తర్వాత అంది... 'తాగినోళ్ళ పేర్లన్నీ ఈడ ఉన్నయ్యి. తాగకుండా పోయినాయన ఒకాయనున్నాడు. దాసరి యేసుపాదం. మా పత్తి చేలో పోయాడు. సారా లేదు, ఏం లేదు. మూడో రోజు మధ్యాన్నం నా దగ్గరికొచ్చి కళ్ళు మసకలేస్తన్నయ్యమ్మా అన్నాడు. ఇంకొక్క పంపుడు మందే గదా, కొట్టేసి పో అన్నాను. నేనే అన్నాను.'"



"వెంకటనారాయణ ఏమన్నాడు?" అంది పున్నమ్మ.

"ఏమంటాడు?" అంది జోహరాబీ. "ఎండకి మతిపోయింది మా ఆవిడకి, లోపలికి తీసుకుపోండి అన్నాడు. ఆమె కదల్లా. ఆ హైదరాబాదామె పోయి పక్కన నిలబడింది. పేపరాయన రాసుకున్నాడు. వేస్తాడో వెయ్యడో మనకేం తెలుసు? ఇంటికెళ్ళాక ఆమె బతుకు ఎట్టా ఉంటదో అదీ తెలవదు."

పున్నమ్మ వింటున్నట్టు లేదు. మూడేళ్ళుగా ఆమె మనసులో ఆ మధ్యాహ్నం చేలో నిలబడ్డది వెంకటనారాయణ. కొట్టెయ్యమన్న గొంతు అతనిది. అలాగే అనుకుంటూ అతని చేలకు పోవడం, అతని కళ్ళంలో తాలు ఏరడం అన్నీ చేసింది. ఆ గొంతు ఆడగొంతు అయ్యుంటుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. కళ్ళు మసకలేశాయని ఆయన ఎవరితోనైనా చెప్పి ఉంటాడని కూడా అనుకోలేదు. చెప్పాడన్నమాట. చెప్పే కొట్టాడు.

"నేనే అన్నాను అందా?"

"అంది."

"రెండుసార్లు అందా?"

"అన్నానని ఒకసారి. నేనే అన్నానని ఒకసారి."

పున్నమ్మ సాలులో కూర్చుంది. పొద్దున్నుంచి వంగడమే తప్ప కూర్చోవడం అదే మొదలు. మిరప మొక్కలు ఆమె తల దాకా వచ్చాయి. చేతిలోని రెండు కాయలు ఒళ్ళో పెట్టుకుంది.

అవతలి గట్టు నుంచి మీరా హుస్సేన్ కేకేశాడు. "ఏందమ్మా అది, కూలబడ్డావ్? ఇంకా మూడు సాళ్ళున్నయ్యి. ఎప్పుడు తెమిలేది?"

"కూసోనియ్యి సాయిబూ!" అని అంతకంటే పెద్దగా అరిచింది జోహరాబీ. "నీ సాళ్ళు నేను తెములుస్తాలే!" కొంగు నడుముకి చుట్టి, పున్నమ్మ బుట్ట లాక్కుని, ఆమె వదిలిన మొక్క దగ్గర వంగింది.

జెస్సీ తల్లి ఎదురుగా, మట్టిలోనే, పరీక్షలకు కుట్టించుకున్న పరికిణీతోనే కూర్చుంది.

"మళ్ళీ చెప్పు," అంది పున్నమ్మ. "ఏం కలపమాక. ఆమె ఎట్టా అందో అట్టానే చెప్పు."

జెస్సీ మొదట్నుంచీ చెప్పింది. అయిపోయేసరికి పున్నమ్మ కళ్ళు మూసుకుని ఉంది. జెస్సీ కాసేపు చూసి, అడగకుండానే, మూడోసారి మొదలుపెట్టింది.